మా ఇంటి మనిషిని మీకిచ్చాం, మాతో మాట్లాడండి

ఉత్తర తెలంగాణలోని ప్రభుత్వ మెడికల్ కాలేజీల ప్రిన్సిపాళ్లకు, అనాటమీ విభాగాల పెద్దలకు, కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం అధికారులకు,

నమస్కారం.

దేహదానం మీద మన దగ్గర సభ జరిగిందంటే వేదిక మీది నుంచి ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. జనంలో మూఢనమ్మకాలు పోలేదు, అందుకే ఎవరూ ముందుకు రావడం లేదు అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు లేచి మాట్లాడాలనిపిస్తుంది. నేను సర్కారు బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. నా భర్త చనిపోతే ఆయన కోరుకున్నట్టే దేహాన్ని ఒక మెడికల్ కాలేజీకి అప్పజెప్పినదాన్ని. ఏ కాలేజీ అన్నది ఇక్కడ రాయను. ఎవరినో ఒకరిని వేలెత్తి చూపడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. ఆ తర్వాత మా ఇంటికి చాలామంది వచ్చారు. వాళ్లలో మమ్మల్ని తప్పుపట్టడానికి వచ్చినవాళ్లు కొందరే. మిగతావాళ్లు "ఎట్ల ఇచ్చిన్రు? ఎవరినడిగిన్రు? ఇచ్చినంక ఏం జేస్తరు?" అని అడగడానికి వచ్చారు. ఇవ్వాలని ఉండి దారి తెలియక ఆగిపోయినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. జనం మనసు మారాలని మీరు ఎదురుచూస్తున్నారు. ముందు మీ వైపు నుంచి జరగాల్సిన పనులు కొన్ని ఉన్నాయని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అవసరం ఎంతో నాకు తెలుసు. 1959లో కాకతీయ మెడికల్ కాలేజీ వచ్చాక చాలా ఏళ్లు ఈ చుట్టుపక్కల జిల్లాలకు అదే దిక్కు. ఇవాళ పాత వరంగల్ జిల్లా ఒక్కదాంట్లోనే ఆరు ప్రభుత్వ కాలేజీలున్నాయి: వరంగల్, మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి, ములుగు, నర్సంపేట. అటు కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, రామగుండం, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్. వీటిలో కాకతీయ తప్ప మిగతావన్నీ 2022 నుంచి 2024 మధ్య మొదలైనవే. మన పిల్లలు ఇంటికి దగ్గర్లోనే డాక్టర్లవుతున్నారు, సంతోషం. పది పదిహేను మందికి ఒక దేహం ఉంటేనే పిల్లలు తమ చేతులతో కోసి నేర్చుకోగలుగుతారంటారు. కొత్త కాలేజీలో చదివే మా అక్క మనవరాలు చెప్పేది వేరు. బల్ల చుట్టూ రెండు మూడు వరుసలు కడతారట. వెనక వరుసలో నిలబడితే కనిపించేవి ముందున్నవాళ్ల తెల్లకోట్లేనట.

ప్లాస్టిక్ బొమ్మలున్నాయి, వేలితో తిప్పి చూసే డిజిటల్ టేబుళ్లు వచ్చాయి, ఇంకా మనుషులెందుకని మా మరిది అడిగాడు. బొమ్మలన్నీ ఒకే అచ్చులో పోసినవి, మనుషులు అట్లా ఉండరు. పిరుదు కింది నుంచి కాలికి దిగే పెద్ద నరం చాలామందిలో తొడ కిందిభాగంలో రెండుగా చీలుతుంది. కొందరిలో పైనే చీలిపోయి ఒక పాయ కండరం మధ్య నుంచి బయటికి వస్తుంది. అపెండిక్స్ ఒకరికి కిందికి వేలాడుతుంది, ఇంకొకరికి పెద్దపేగు వెనకాల ఉంటుంది. పిరుదుకు వేసిన సూది తప్పి, పాదం వాలిపోయి, కాలు ఈడ్చుకుంటూ నడిచే పిల్లలు మన ఊళ్లలో ఉన్నారు. నా క్లాసులో కూర్చున్నారు. సూది పైన, బయటి వైపు పావు భాగంలోనే వేయాలని పుస్తకంలో రాసే ఉంటుంది. బొటనవేలంత లావున్న ఆ నరాన్ని కండరాల కింద నుంచి ఒక్కసారి తన చేతులతో తీసి చూసినవాళ్లు ఇక ఆ మాట మరిచిపోరు.

ఇన్నాళ్లూ ఈ చదువు ఎవరి దేహాల మీద సాగిందో మీకు తెలుసు. రైల్వే ప్లాట్‌ఫాం మీద, బస్టాండులో, ఆసుపత్రి వరండాలో చనిపోయి, గడువులోగా "మావాడే" అని వచ్చే మనిషి లేని బీదవాళ్లు. చట్టం ప్రకారమే వాళ్ల దేహాలు కాలేజీలకు చేరాయి. కానీ వాళ్లను ఎవరూ అడగలేదు. బతికినన్నాళ్లు సరైన వైద్యం అందనివాళ్లే పోయాక వైద్యం నేర్పారు. నాకు ఇది చిన్న సంగతిగా కనిపించదు. మా ఇంట్లో ఆపరేషన్ చేసిన డాక్టర్లు కూడా అట్లాంటి ఒక మనిషి దగ్గర నేర్చుకున్నవాళ్లే. పేరూ బలగమూ ఉన్న మనం మన దాకా వచ్చేసరికి "మావోళ్లను కోస్తరా" అంటాం. నా భర్త ఫారం మీద సంతకం పెట్టింది ఈ కారణానికే. "దిక్కులేనోళ్లు ఇచ్చింది చాలు, ఇగ మనం ఇయ్యాలె" అనేవారు.

అట్లాగని దేహం మీద జనానికున్న మమకారాన్ని మూఢనమ్మకమని కొట్టేయకండి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో, గల్ఫ్‌కు పోయి అక్కడే చనిపోయిన కొడుకు పెట్టెలో ఇంటికి చేరడానికి వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. ఆ పెట్టె వచ్చేదాకా ఆ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగదు. ఎన్‌కౌంటర్ల కాలంలో బిడ్డ దేహాన్ని ఇప్పించమని మార్చురీల ముందు పడిగాపులు కాసిన తల్లిదండ్రులు ఈ జిల్లాలవాళ్లే. కడచూపు దక్కకపోతే ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వాళ్ల ముందు మైకు పట్టుకుని "చచ్చినంక దేహం మట్టే కదా, వృథాగా పోనిచ్చే బదులు ఇవ్వండి" అంటే ఎవరిస్తారు? దేహం వాళ్లకు విలువైనది. విలువైనది కాబట్టే దాన్ని ఇవ్వడం దానమవుతుంది. మీ ఉపన్యాసాలు ఈ మాటతో మొదలైతే వినేవాళ్లు వేరేగా వింటారు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఆయన పోయింది ఎండాకాలంలో, హుజూరాబాద్ దగ్గర మా ఊళ్లో, పొద్దుగూకినాక. ఫారం బీరువాలోనే ఉంది. దాని మీదున్నది ఆఫీసు ల్యాండ్‌లైను నంబరు, రాత్రి తొమ్మిదింటికి ఎవరెత్తుతారు? ఫ్రీజర్ తెప్పించి దేహాన్ని అందులో పెట్టాం. కరెంటు పోతే ఎట్లా అని మా అబ్బాయి రాత్రంతా ఇన్వర్టర్ పక్కనే కూర్చున్నాడు. సహజ మరణమని డాక్టర్ సర్టిఫికెట్ కావాలని ఫారంలో ఉంది. పల్లెలో, ఇంట్లో, రాత్రిపూట పోయిన మనిషికి అది ఎవరు రాసిస్తారు? ఆర్‌ఎంపీ రాసింది చెల్లదు. పంచాయతీ కార్యదర్శి ఇచ్చేది మరణ నమోదు పత్రం, అది తర్వాతి సంగతి. తెల్లవారి పీహెచ్‌సీ డాక్టరమ్మ వచ్చి, ఆయన పాత రిపోర్టులన్నీ చదివి రాసిచ్చింది. ఆమె దయామయురాలు కాబట్టి పని జరిగింది. కాకపోయి ఉంటే మధ్యాహ్నానికి చితి పేర్చేవాళ్లే.

ఈలోగా ఇంటినిండా చుట్టాలు. మా పెద్ద బావగారు వాకిట్లో నిలబడి గట్టిగానే అన్నారు, "తలకొరివి లేకుంట పంపుతె వాడి ఆత్మ యాడ తిరుగుతది?" అని. నేను జవాబు వెతుక్కుంటుండగా ఫ్రీజర్ పక్కన కూర్చున్న మా అత్తమ్మ మాట్లాడింది. కన్న కొడుకు పోయిన తల్లి, చదువు లేనిది, తొంభై దగ్గర పడ్డది. "వాడు చెప్పిండు గద, ఇయ్యుండ్రి" అన్నది. అని, నా చెయ్యి పట్టుకుని అడిగింది, "గని బిడ్డా, బొక్కలన్న మల్లిస్తరా? కాళేశ్వరంల కలుపుకుంటం."

ఆ ఇంట్లో టీచర్లున్నారు, ఇంజనీర్లున్నారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. టాటా ఏస్‌లో ఐసు పేర్చుకుని, దేహాన్ని తీసుకుని కాలేజీకి వెళ్లాక అక్కడ అడిగాను. "అసుంటివి ఉండయమ్మా" అన్నాడు రిజిస్టరు రాసే ఆయన. విసుక్కోలేదు, పాపం ఆయనకూ ఎవరూ చెప్పి ఉండరు. వెనక గేటు నుంచి రమ్మన్నారు, వెళ్లాం. కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు, స్టాంపు వేసిన జిరాక్సు ఒకటి చేతికిచ్చారు. లోపలి నుంచి ఎవరైనా ఒక సారు, ఒక మేడం వచ్చి ఆయనకు నమస్కారం పెడతారేమోనని మా అబ్బాయి కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఎవరూ రాలేదు. తర్వాత కూడా ఆ కాలేజీ నుంచి ఒక ఫోను గానీ ఉత్తరం ముక్క గానీ రాలేదు.

కర్మలు ఎట్లా చేయాలన్న చిక్కును విడదీసింది మా ఊరి అయ్యగారు. దేహం దొరకనివాళ్లకు దర్భలతో రూపం చేసి దహనం చేసే విధి శాస్త్రంలోనే ఉందని చెప్పి, అట్లాగే చేయించాడు. మూడొద్దుల నాడు పిట్టకు పెడితే కాకి వెంటనే వచ్చి ముట్టింది. ఆయనకు తృప్తిగానే ఉన్నదన్నారు అందరూ. అప్పటినుంచి మా పెద్ద బావగారు మళ్లీ ఆత్మ మాట ఎత్తలేదు. మొన్నామధ్య ఆయనే ఇంకొకరికి చెబుతుంటే విన్నాను, "మా తమ్ముడు డాక్టర్లకు పాఠమైండు" అని. మీరు మూఢనమ్మకం అనే ఆ పిట్టే మా ఇంట్లో దేహదానాన్ని గెలిపించింది. అందుకే అడుగుతున్నాను. అయ్యగార్లతో, జంగమయ్యలతో, పాస్టర్లతో, మౌల్వీలతో మీలో ఎవరైనా ఎప్పుడైనా కూర్చుని మాట్లాడారా? చావు ఇంట్లో మొదట చెల్లేది వాళ్ల మాట. డాక్టర్ల మాట ఆ గడప దగ్గర ఆగిపోతుంది.

దేహదానం అనగానే మనం చెప్పే పేర్లు చూడండి. కాళోజీ 2002 నవంబరు 13న పోతే దేహాన్ని కాకతీయ మెడికల్ కాలేజీకే ఇచ్చారు. మీ విశ్వవిద్యాలయం పెట్టుకున్నది ఆ పేరే. ఇంగ్లండులో పుట్టి మన దేశ పౌరుడైన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1964లో భువనేశ్వర్‌లో చనిపోయారు. తన దేహాన్ని ఆయన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చారు. ఈ సంగతి క్లాసులో చెబితే పిల్లలు గుడ్లప్పగించి వినేవాళ్లు. 2024లో సీతారాం ఏచూరి దేహం ఢిల్లీ ఎయిమ్స్‌కు, ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా దేహం సికింద్రాబాద్ గాంధీ మెడికల్ కాలేజీకి చేరాయి. అందరూ పెద్దవాళ్లు, నేను గౌరవించేవాళ్లు. కానీ ఈ పేర్లు విన్న మా ఊరివాళ్లకు అర్థమయ్యేది ఒకటే. ఇది ఎర్రజెండా మనుషులకు, దేవుడు లేడనేవాళ్లకు, పేరున్నవాళ్లకు సంబంధించిన పని, మనకు కాదు అని. మేడారం పోయి బంగారం (బెల్లం) ఎత్తిచ్చే మనిషి, కొమురెల్లి మల్లన్నకు పట్నం వేయించే మనిషి కూడా నిశ్చింతగా ఇవ్వగలగాలి. అందుకోసం వాళ్లు తమ నమ్మకాన్ని వదులుకోవాల్సిన పని లేదని మీరు నోరు తెరిచి చెప్పాలి.

ఇక్కడ అది సాధ్యమేనని చూపించిన ఊళ్లున్నాయి. హసన్‌పర్తి మండలం ముచ్చర్ల నేత్రదానానికి పేరుపడ్డ ఊరు. గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుల మధ్య సదాశయ ఫౌండేషన్ వాళ్లు కళ్ల నుంచి దేహం దాకా దానం గురించి కుటుంబాలతో మాట్లాడుతున్నారు. నేత్రదానం ఊళ్లలోకి పోయినంత తేలిగ్గా దేహదానం పోకపోవడానికి ఒక కారణం నాకు కనిపిస్తుంది. కళ్లకోసం ఫోను చేస్తే వాళ్లే ఇంటికి వస్తారు, కాసేపట్లో పని ముగించి మనిషిని మనకే అప్పజెప్తారు. మీ దగ్గరికైతే మనిషిని మేమే మోసుకుని రావాలి. తర్వాత ఏమైందో మాకు తెలియదు.

తెలియని చోట పుకార్లు పుడతాయి. "కోసి పారేస్తరట", "అమ్ముకుంటరట" అని నా ముందే అన్నారు. ఇవి అబద్ధాలని నేను చెప్పగలను గానీ నిజమేమిటో చెప్పాల్సింది మీరు. రక్తనాళంలోంచి ఫార్మలిన్ ఎక్కించి దేహం పాడవకుండా చేస్తారని, తర్వాత ట్యాంకులో భద్రం చేస్తారని, ఆ పైన ఏడాదో ఇంకా ఎక్కువో పిల్లలు దాని దగ్గర చదువుకుంటారని నాకు తెలిసింది నా చదువు వల్ల. మా మనవరాలు చెప్పేదాకా నాకూ తెలియని సంగతి ఒకటుంది. డిసెక్షన్ మొదలయ్యే రోజు పిల్లలంతా ఆ దేహం ముందు నిలబడి, మిమ్మల్ని గౌరవిస్తాం, మీ దగ్గర నేర్చుకున్నది జనానికి ఉపయోగిస్తాం అని ప్రమాణం చేస్తారట. నేను పోయి మా అత్తమ్మకు చెప్పాను. "మొక్కుతరా బిడ్డా, మనోనికి?" అని రెండుసార్లు అడిగింది. ఆ పూట కడుపునిండా అన్నం తిన్నది. ఇంత మంచి పని చేస్తూ దాన్ని నాలుగు గోడల మధ్య ఎందుకు ఉంచుతున్నారు? ఆ రోజు దాతల ఇళ్లవాళ్లను పిలిచి వెనక కుర్చీల్లో కూర్చోబెట్టలేరా?

ఇంకో గందరగోళం కూడా మీరే తీర్చాలి. అవయవదానానికి ఇచ్చే జీవన్‌దాన్ కార్డు తీసుకున్నవాళ్లు చాలామంది దేహదానం కూడా అయిపోయిందనుకుంటున్నారు. అవయవదానం ముఖ్యంగా బ్రెయిన్‌డెడ్ అయిన మనిషి నుంచి ఆసుపత్రిలో జరిగేదని, ముసలితనంతో ఇంట్లో పోయినవాళ్ల దేహం చదువుకు పనికొస్తుందని, కళ్లు ఇచ్చాక కూడా దేహం ఇవ్వొచ్చని విడమరిచి చెప్పండి. ఎవరి దేహం తీసుకోరో కూడా సభలోనే చెప్పండి. పోస్టుమార్టం అయినవాళ్లు, హెచ్‌ఐవీ, హెపటైటిస్, టీబీ లాంటి జబ్బులున్నవాళ్లు, ఆలస్యమై పాడైన దేహాలు. ఆ మాట ముందు చెప్పకుండా, మనిషి పోయిన రోజు గేటు దగ్గర చెబితే ఆ కుటుంబం జన్మలో మళ్లీ ఈ మాట ఎత్తదు, ఆ ఊరు కూడా ఎత్తదు.

సంతకం గురించి కూడా ఒక మాట. మీ సభల్లో ఫారాలు నింపేది పెద్దవాళ్లు. ఆ సంతకం ఉన్నా, పోయిన రోజు కొడుకో కూతురో ఒప్పుకోకపోతే దేహం మీ దాకా రాదు. అందుకని పెద్దలతో పాటు వాళ్ల పిల్లల్ని, కోడళ్లను, అల్లుళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి. కొడుకు అమెరికాలో ఉంటే వీడియో కాల్‌లో మాట్లాడండి. సాక్షి సంతకం పక్కింటాయనతో కాకుండా రేపు చితి దగ్గర నిలబడాల్సిన మనిషితో పెట్టించండి. నేను నా ఫారం అట్లాగే నింపాను, మా అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ సంతకం చేశారు.

నేను అడిగేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. రాత్రి పగలు ఎత్తే ఒక సెల్ నంబరు, అది ఫారం మీద, ప్రతి పంచాయతీ గోడ మీద. ఇంట్లో చనిపోయిన దాత దగ్గరికి పీహెచ్‌సీ డాక్టరు వచ్చి చూసి సర్టిఫికెట్ ఇవ్వాలని జిల్లా వైద్యాధికారి నుంచి ఒక ఉత్తర్వు. ఇంటి నుంచి కాలేజీకి ఒక బండి. ముందు గేటు నుంచి లోపలికి రానిచ్చి, అనాటమీ విభాగం నుంచి ఒకరు ఎదురువచ్చి దండ వేయడం. దేహాన్ని ఏం చేస్తారో, ఎన్నాళ్లు ఉంచుతారో, చివరికి ఏమవుతుందో మామూలు తెలుగులో రాసిన ఒక కాగితం.

ఆ చివరిది చాలా ముఖ్యం. చదువు పూర్తయ్యాక మిగిలినదాన్ని దహనం చేసినప్పుడు చిటికెడు బూడిద కావాలనే కుటుంబానికి ఇవ్వండి. ఎముకలు చదువుకు కావాలంటే ఉంచుకోండి, ఉంచుకుంటున్నామని చెప్పండి. ఏది ఎవరిదో గుర్తుండేలా మొదటినుంచీ నంబరు వేసి పెట్టుకుంటే ఇది అసాధ్యమేమీ కాదు. థాయిలాండులో చదువు ముగిశాక దాతలకు రాజకుటుంబం ఆధ్వర్యంలో దహన సంస్కారం చేస్తారు, విద్యార్థులూ కుటుంబాలూ కలిసి వస్తారు. మనకు రాజులు అక్కర్లేదు. గోదావరి మన పక్కనే ఉంది. కాళేశ్వరం, ధర్మపురి మన జిల్లాల్లోవే. ఏడాదికోసారి మీ విద్యార్థులే ఆ బూడిదను తీసుకుపోయి కలిపినా మాకు చాలు, తేదీ చెబితే మేం వస్తాం.

ఏటా నవంబరు 13న, కాళోజీ వర్ధంతి రోజున, ప్రతి కాలేజీలో దాతలందరి పేర్లు చదివి తలుచుకోవాలని విశ్వవిద్యాలయం ఒక సర్క్యులర్ ఇవ్వాలి. ఎవరూ రాక మీ దగ్గరికి చేరిన ఆ బీదవాళ్లను కూడా అందులో కలపండి. పేర్లు తెలియకపోతే తెలియదనే చెప్పి దండం పెట్టండి. ఈ ఏడాదే మొదలుపెడతామంటే మా చుట్టుపక్కల దాతల కుటుంబాలను కూడగట్టే పని నేను చూసుకుంటాను. ఒక్కటే విన్నపం. సభ మేడమీది హాల్లో పెట్టకండి, మా అత్తమ్మ మెట్లెక్కలేదు.

ఇట్లు,
ఒక దేహదాత భార్య, రిటైర్డ్ టీచర్,
హనుమకొండ